తారు రోడ్డులో తారు ఉంటుందా?

ప్రశ్న: మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్టుకి రోడ్ల గురించి రాస్తున్నాడు. మేం తారు రోడ్డు అంటాం, కాంట్రాక్టర్లు బీటీ రోడ్డు అంటారు, తెలంగాణలో డాంబర్ రోడ్డు అంటారు, వాడి పుస్తకంలో యాస్ఫాల్ట్ అని ఉంది, విమానాల వార్తల్లోనేమో టార్మాక్. ఇవన్నీ ఒకటేనా? వాణ్ణి ఏం రాయమనాలి?

జవాబు: మాటల్లో ఒకటేనండి, లోపలున్న సరుకు దగ్గరికొస్తే మాత్రం కాదు. అసలు సంగతి ముందే చెప్పేస్తా, ఇవాళ వేస్తున్న తారు రోడ్లలో దాదాపుగా తారు ఉండదు. తారు అంటే బొగ్గుని గాలి తగలకుండా బాగా వేడిచేసి కోక్ అనే గట్టి బొగ్గు ఇంధనం, గ్యాస్ తీసేటప్పుడు పక్కన దిగే నల్లటి చిక్కటి ద్రవం. మన రోడ్ల మీద కనిపించే నలుపు బిటుమెన్, అది ముడి చమురులోంచి పెట్రోలు, కిరోసిన్, డీజిల్ అన్నీ లాగేశాక రిఫైనరీలో అడుగున మిగిలే సరుకు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి పాత పేరే నిలిచిపోయింది.

ఈ తేడా పట్టించుకోవాలా అంటే పట్టించుకోవాలి. బొగ్గు తారులో క్యాన్సర్ తెచ్చే రసాయనాలు చాలా ఎక్కువ, చాలా దేశాలు దాన్ని రోడ్ల పనిలోంచి తీసేయడానికి అదే పెద్ద కారణం. బిటుమెన్ పొగ మంచిదని కాదు, వేడి మిక్స్ పక్కన రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళకి అదీ ఇబ్బందే, కానీ రెండూ ఒక స్థాయివి కావు. ఇంకో తేడా, డీజిల్ ఒలికితే బిటుమెన్ మెత్తబడి కంకర లేచిపోతుంది, బొగ్గు తారు మాత్రం ఇంధనానికి అంత తేలిగ్గా కరగదు.

ఇక పేర్లు. బీటీని కొందరు బ్లాక్ టాప్ అని విడదీస్తారు కొందరు బిటుమినస్ అంటారు, ఎలా విడదీసినా రోడ్డు అదే. డాంబర్ అన్నా అదే, హిందీలో డామర్ అంటారు. యాస్ఫాల్ట్ దగ్గర మాత్రం జాగ్రత్త, అమెరికావాళ్ళు ఆ నల్ల బంకనే యాస్ఫాల్ట్ అంటారు, బ్రిటిష్ వాడుకలో బంక బిటుమెన్, అందులో కంకర, ఇసుక, రాతిపొడి కలిపాక వచ్చేది యాస్ఫాల్ట్. అందుకే రెండు దేశాల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే పిల్లలు తికమక పడతారు, తప్పు వాళ్ళది కాదు. మనుషులు చెయ్యకుండా నేలలోంచే వచ్చే యాస్ఫాల్ట్ కూడా ఉంది, ట్రినిడాడ్‌లో లా బ్రియా దగ్గర ఏకంగా ఒక చెరువే ఉంది, అక్కణ్ణుంచి తవ్వి రోడ్లకి పంపేవాళ్ళు.

టార్మాక్ అనేది తారు (ఇంగ్లీషులో టార్), మెకాడం (పొరలుగా వేసే కంకర రోడ్డు) కలిసి పుట్టిన పేరు. ఎడ్గర్ హూలీ అని ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌షైర్ కౌంటీ సర్వేయరు, 1901లో ఒక ఇనుప కార్ఖానా దగ్గర రోడ్డు మీద తారు పీపా పగిలి ఒలికిపోతే దానిమీద ఎవరో కొలిమి చిట్టెం పోశారట, అంతమేరా దుమ్ము లేవకపోవడం ఆయన గమనించారని చెప్తారు. 1902లో పేటెంట్ తీసుకున్నారు. ఆ పేరే తర్వాత విమానాలు ఆగే చోటుకి కూడా అంటుకుంది, కానీ పెద్ద విమానాలు నిలిపే ఆ నేల ఎక్కువగా సిమెంట్ కాంక్రీటే.

అబ్బాయిని తారు రోడ్డు అనే రాయమనండి, అందరికీ అర్థమయ్యే మంచి మాట అది. పక్కన ఒక్క వాక్యంలో ఇందులో వాడేది బిటుమెన్ అని చేరిస్తే చాలు.

ప్రశ్న: 1840ల నాటి ఇంగ్లండు కథ అనువదిస్తున్నాను. గుర్రపు బండి మెకాడం రోడ్డు మీద వెళ్తుంది. తారు రోడ్డు అని రాస్తే ఎడిటర్ కొట్టేశారు. ఎందుకు?

జవాబు: ఎడిటర్ గారే కరెక్టండి. జాన్ లౌడన్ మెకాడం (1756–1836) స్కాట్లాండు ఆయన, ఆయన వేసిన రోడ్లలో తారు చుక్క కూడా లేదు. చిన్నగా కొట్టిన కంకరని పొరలు పొరలుగా వేసి, మధ్యలో కాస్త ఎత్తుంచి నీళ్ళు రెండు పక్కలకీ జారిపోయేలా చేశారు. బళ్ళ ఇనుప చక్రాలు తొక్కేకొద్దీ రాళ్ళు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని, నలిగిన పొడి సందుల్లో చేరి గట్టిపడేది. ఆ బళ్ళ కాలానికి అది చక్కగా సరిపోయింది. తర్వాత మోటారు కార్లొచ్చాయి, వాటి వేగానికి రబ్బరు టైర్లు ఆ పొడినే పైకి లాగేసి దుమ్ము లేపడం, రాళ్ళు వదులైపోవడం మొదలైంది, అప్పుడే పైన తారు పట్టించాల్సిన అవసరం గట్టిగా వచ్చింది. కాబట్టి మీ కథలో "కంకర రోడ్డు" అనండి. ఆయన పేరు మన ఇంజినీర్ల నోట్లో ఇప్పటికీ నలుగుతూనే ఉంది, డబ్ల్యూబీఎం (వాటర్ బౌండ్ మెకాడం, అంటే నీళ్ళు చల్లి గట్టిపరిచే కంకర పొర)లో చివరి ఎం ఆయనే.

ప్రశ్న: తారు పోశారు, తారు వేశారు, ఏది సరైనది?

జవాబు: రెండూ సరైనవే, పనులు వేరు. పాత పద్ధతిలో కంకర పరిచి, రోలర్ తిప్పి, డ్రమ్ముల్లో కాచిన బిటుమెన్‌ని పైన నిజంగానే పోసేవాళ్ళు, అది రాళ్ళ సందుల్లోకి దిగేది. ఇప్పుడు ప్లాంటులోనే సుమారు 150 డిగ్రీల వేడిలో కలిపేసి టిప్పర్లలో తెచ్చి పేవర్ అనే యంత్రంతో పరుస్తున్నారు, అందులో బిటుమెన్ బరువు 5 శాతం అటూఇటూ, మిగతాదంతా రాయే. దీనికి "వేశారు" బాగా నప్పుతుంది.

ఇప్పటికీ చల్లేది ఒకటుంది, పాత పొరకీ కొత్త పొరకీ మధ్య కొట్టే టాక్ కోట్. అది ఎక్కువగా ఎమల్షన్, అంటే నీళ్ళలో బిటుమెన్ సన్నటి బొట్లుగా ఉన్న సరుకు, కొట్టగానే గోధుమరంగులో ఉంటుంది, కాసేపటికి నీరు విడిపోయి నల్లగా మారుతుంది. ఆ రంగు చూసి కల్తీ తారు అని చాలామంది గొడవపడతారు, అది కల్తీ కాదు. చూడాల్సింది వేరే ఉంది, నల్లబడేదాకా ఆగకుండా పైన మిక్స్ దించేస్తుంటే మాత్రం తప్పకుండా అడగండి, అలా వేస్తే పొరలు సరిగా అతుక్కోవు, పైపొర పలకలు పలకలుగా లేచిపోవచ్చు.