కవిత కింద ‘సేకరణ’ అని రాస్తే సరిపోతుందా?

ప్రశ్న: ఫేస్‌బుక్‌లో నచ్చిన కవితల్ని రోజుకొకటి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడుతుంటాను. కింద ‘సేకరణ’ అని తప్పకుండా రాస్తాను. మొన్న ఒక కవయిత్రి ‘నన్నడక్కుండా, నా పేరు తీసేసి ఎలా పెట్టారు?’ అని మెసేజ్ చేశారు. దీనిమీద నేను పైసా సంపాదించడం లేదు. ఆమె కూడా కాపీరైట్ అని ఎక్కడా రాసుకోలేదు. నాది తప్పేనా?
– ఒక పాఠకుడు, చిక్కడపల్లి

జవాబు: తప్పేనండి. ముందు ఆమెకు క్షమాపణ చెప్పండి. వాట్సాప్‌లో మెసేజ్ పంపిన 15 నిమిషాల వరకే ఎడిట్ చేయగలం కాబట్టి, పాత మెసేజ్‌కే రిప్లై ఇస్తూ ఆమె పేరు రాయండి. ఇక ముందు ‘సేకరణ’ అనే మాట మానేయండి. ఎక్కడో దొరికిందని చెప్పడమే తప్ప, ఎవరు రాశారో అది చెప్పదు. తెలుగు కవుల పేర్లు ఎన్ని ఈ ఒక్క మాట కింద మాయమయ్యాయో తలచుకుంటే బాధేస్తుంది.

1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం కవిత రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాపీరైట్ గుర్తు (©) వేయనక్కర్లేదు. డబ్బు తీసుకోకపోయినంత మాత్రాన అనుమతి అక్కర్లేదనుకోవద్దు. కవితను సమీక్షిస్తూ నాలుగు పాదాలు ఉదహరిస్తే చట్టం ఒప్పుకుంటుంది. మొత్తం కవితను వందల మంది ఉన్న గ్రూపులో పెట్టి ‘సొంత వాడకం’ అనలేం. అదే చట్టంలోని 57వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది: హక్కుల్ని వేరొకరికి రాసిచ్చేసినా, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు, తన పేరుకు మచ్చ తెచ్చేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు రచయితకే ఉంటాయి.

వక్రీకరించాలని ఎవరూ అనుకోరు, నిజమే. కానీ ఇమేజ్‌గా పెట్టిన కవితను గూగుల్ లెన్స్‌తో టెక్స్ట్‌గా మార్చినప్పుడు ఒత్తులు రాలిపోతుంటాయి. నాకొచ్చిన ఒక ఫార్వర్డ్‌లో ‘కన్నీళ్లు’ కాస్తా ‘కనీళు’ అయింది. దాన్ని చదివినవాళ్లు కవికే తెలుగు రాదనుకుంటారు.

అందుకే కాపీ చేయకుండా, షేర్ బటన్ నొక్కి లింక్ పంపండి. పేరు దానితోపాటే వెళ్తుంది, కవి తర్వాత దిద్దుకుంటే ఆ మార్పూ కనిపిస్తుంది. పోస్టు ‘ఫ్రెండ్స్’కే పరిమితమైతే బయటివాళ్లకు లింక్ తెరుచుకోదు. అంటే కవి దాన్ని తన ఫ్రెండ్స్ వరకే ఉంచుకున్నారన్నమాట.

టెక్స్టే కావాలంటే అడగండి. ‘మీ ఫలానా కవితను మీ పేరుతో, ఏ మార్పూ లేకుండా మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టుకోవచ్చా?’ అంటే చాలు. ఎక్కువమంది సంతోషంగా సరేనంటారు. ఆ జవాబును స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. గ్రూపుకిచ్చిన అనుమతి యూట్యూబ్‌లో చదవడానికి పనికిరాదు.

పాత కవుల విషయానికొస్తే, కవి మరణించిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన గేయాలు నిశ్చింతగా పంచుకోండి. శ్రీశ్రీ మరణం 1983లో, కాబట్టి ఆయన కవితలపై 2043 చివరిదాకా హక్కులుంటాయి. వేమన పద్యం అందరిదీ, కానీ దాని కింద ఈ కాలంవారు రాసిన తాత్పర్యం వాళ్లదే.

ప్రశ్న: నా కవితను ఎవరో చదివి యూట్యూబ్‌లో పెట్టేశారు. తీయించడం ఎలా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ముందు మీ అసలు పోస్టు లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ భద్రపరచుకోండి. వీడియో పెట్టినవారికి ఒకసారి రాసి చూడండి. వినకపోతే యూట్యూబ్ కాపీరైట్ ఫారంలో ఫిర్యాదు చేయండి. వెంటనే తీసేయమనవచ్చు, లేదా వాళ్లే తొలగించుకునేందుకు 7 రోజుల గడువివ్వవచ్చు. నేనైతే గడువే ఇస్తాను. ఫారంలో మీ అసలు పేరు ఇవ్వాలి, అది అవతలివారికి తెలుస్తుంది. కవిత పూర్తిగా మీదే అయితేనే ఫిర్యాదు చేయండి, తప్పుడు ఫిర్యాదులతో మీ ఖాతాకే ముప్పు రావచ్చు.