6,60,000 ఆఫర్‌లో మారాల్సింది ఒక్క వాక్యం

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మావాడు మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ ప్లాంటు మెయింటెనెన్స్‌లో చేరాడు. నాలుగేళ్ల ఐదు నెలలైంది. జీతం 31,000, అందులో బేసిక్ 15,500. చేరినప్పటి పనే ఇప్పుడూ చేస్తున్నానని విసుక్కుంటాడు. బెంగళూరులో ప్యాకింగ్ యంత్రాలు, కన్వేయర్లు తయారుచేసే కంపెనీ సర్వీస్ ఇంజనీరుగా ఏడాదికి 6,60,000 ఇస్తామంటోంది. ఆఫర్ లెటరు, జీతం పట్టిక పంపుతున్నాను. ఇక్కడ నోటీసు రెండు నెలలు. ఇంకో ఏడు నెలలాగితే గ్రాట్యుటీ (ఐదేళ్లు పనిచేసినవాళ్లకు మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) వస్తుంది కదా అని నేనంటున్నాను. వాళ్లమ్మకు షుగర్, వైద్యమంతా వాడి కంపెనీ ఇన్సూరెన్సులోనే నడుస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లమనే నా సలహా. కాకపోతే ఇప్పుడు చేతిలో ఉన్న లెటరుకు ఉన్నది ఉన్నట్టుగా తలూపి కాదు. అందులో ఒక వాక్యం మారాలి. లెక్క వేస్తే అదేమిటో మీకే కనబడుతుంది.

మీ అబ్బాయి 31,000ను పన్నెండుతో గుణించి, ఆ 3,72,000 పక్కన 6,60,000 పెట్టి చూస్తున్నట్టున్నాడు. అలా చూస్తే 77 శాతం పెరిగినట్టే. కానీ మొదటిది నెలనెలా వచ్చే గ్రాస్, అంటే కోతలకు ముందటి జీతం. రెండోది సీటీసీ, అంటే ఆ మనిషి మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చు. రెండూ ఒకే తక్కెడలో పెట్టేవి కావు. మీరు పంపిన పట్టికలోంచి నెల జీతంగా రానివన్నీ తీసేద్దాం. వేరియబుల్ పే 66,000. ఇది ఏడాది చివర రేటింగ్ చూసి ఇచ్చేది, మొత్తం వస్తుందన్న హామీ లేదు. జాయినింగ్ బోనస్ 30,000 మొదటి ఏడాది ఒక్కసారే. కంపెనీ వాటా పీఎఫ్ 31,680 వాడి డబ్బే గానీ ఖాతాలోకి పోతుంది. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, అంటే 12,698 చూపించారు. ఐదేళ్లు ఉంటేనే అది చేతికొచ్చేది. ఇన్సూరెన్స్ ప్రీమియం 9,000. ఇవన్నీ పోగా మిగిలేది 5,10,622. నెలకు 42,550. అంటే పెరుగుదల 77 కాదు, 37 శాతం.

అందులోనూ ఉద్యోగి వాటా పీఎఫ్ 2,640, వృత్తి పన్ను 200 కోస్తే బ్యాంకులో పడేది 39,710. ఈ జీతానికి కొత్త విధానంలో ఆదాయపు పన్ను ఉండదు. ఇక్కడ ఇప్పుడు పీఎఫ్ 1,860, వృత్తి పన్ను 200 పోయి 28,940 పడుతోంది. ఇల్లు మీది, ఫ్యాక్టరీ బస్సు ఉంటుంది, క్యాంటీన్ ఉంటుంది. చిల్లర ఖర్చులు 2,000 అనుకున్నా 26,900 మిగులుతుంది. బెంగళూరులో గది, తిండి కలిపి 14,000, ఊళ్లో తిరగడానికి 2,000, నెలకు రెండుసార్లు ప్రొద్దుటూరు వచ్చిపోవడానికి 2,500 వేసుకోండి. మొత్తం 18,500. మిగిలేది 21,200. పెద్ద జీతానికి వెళ్లి నెలకు 5,700 తక్కువ మిగుల్చుకోవడమన్నమాట!

అయితే ఇది సర్వీస్ ఇంజనీరు ఉద్యోగం. పని జరిగేది బెంగళూరు ఆఫీసులో కాదు, కస్టమర్ల ప్లాంట్లలో. ఆ కస్టమర్లు ఎక్కడున్నారు? నార్జి సున్నపురాయి పరుచుకున్న మన నేల మీదే ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, కొలిమిగుండ్ల, తాడిపత్రి వరసగా సిమెంటు ఫ్యాక్టరీలు. ఇవన్నీ ప్రొద్దుటూరు నుంచి పొద్దున పోయి రాత్రికి రాగలిగిన దూరాలే. బెంగళూరు నుంచి మనిషిని పంపితే కంపెనీకి ప్రయాణం, లాడ్జి, ఒక రోజు వృథా. అందుకని ఆఫర్ లెటరులో ‘బేస్ లొకేషన్: బెంగళూరు’ అన్న చోట ‘ప్రొద్దుటూరు’ అని గానీ ‘ఎర్రగుంట్ల’ అని గానీ మార్చమని అడగాలి. మారాల్సిన వాక్యం ఇదే. శిక్షణకు మొదటి మూడు నెలలు బెంగళూరులో ఉంటానని మీవాడే ముందుగా అనాలి. అప్పుడు బేరం ఆడుతున్నట్టు కాక వాళ్ల పనికి ఉపాయం చెబుతున్నట్టు ఉంటుంది. జీతం ఇంకో 5,000 పెంచమంటే హెచ్ఆర్ పది సాకులు చెబుతారు. ఇది వాళ్ల ఖర్చు తగ్గించే కోరిక కాబట్టి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. అయితే ఫోన్‌లో సరేనంటే చాలదు, సవరించిన లెటరు రావాలి. బేస్ బెంగళూరే అయితే ఇంటికొచ్చి చేసే పని టూర్ కిందికి రాదనో, ప్రొద్దుటూరు నుంచి తిరిగితే ప్రయాణ బిల్లు చెల్లదనో తర్వాత గొడవ వస్తుంది.

బేస్ మార్చకపోతే టూర్ పాలసీ మీద లెక్క తిరుగుతుంది. నెలకు 15 రోజులు టూర్, లాడ్జి కంపెనీది, రోజు భత్యం 700 బిల్లులు అడక్కుండా ఇస్తారనుకుందాం. అందులో 400 ఖర్చయితే నెలకు 4,500 మిగులుతుంది, బెంగళూరు తిండి ఖర్చులో ఒక 3,000 తగ్గుతుంది. అప్పుడు మిగులు 28,700, ఇప్పటికంటే కాస్త మెరుగు. అదే భత్యం బిల్లు పెడితేనే ఇస్తామంటే ఆ 4,500 లేదు. బిల్లులు పెట్టినా రెండు నెలలకు గానీ పాస్ చేయని కంపెనీలున్నాయి. అలాంటి చోట జీతంలోంచి పెట్టుబడి పెట్టి కంపెనీ పని చేసినట్టవుతుంది. ఇది తెలుసుకోవడానికి వెబ్‌సైట్లు గాలించనక్కర్లేదు. ఆ కంపెనీ ప్యాకర్లు (సంచులు నింపే యంత్రాలు) మన ప్రాంతపు ప్లాంట్లలో ఉంటే వాళ్ల సర్వీస్ ఇంజనీర్లు వచ్చిపోతూనే ఉంటారు. మీవాడు ఒకరిద్దరిని కలిసి, పోయిన నెల ఎన్ని రాత్రులు బయట గడిపారు, క్లెయిములు ఎన్నాళ్లకు వచ్చాయి, పోయిన ఏడాది వేరియబుల్ ఎంత శాతం ఇచ్చారు అని అడిగితే చాలు.

డబ్బులో ఇంత పల్చని తేడా ఉంటే మరి వెళ్లమని ఎందుకంటున్నానంటే, పని కోసం. ప్యాకింగ్ ప్లాంటు మెయింటెనెన్స్‌లో నేర్చుకోవలసింది ఉంది: ప్యాకర్ స్పౌట్లలో బరువు తేడా, ఇంపెల్లర్ అరుగుదల, బకెట్ ఎలివేటర్ చైను, బ్యాగ్ ఫిల్టరు, ట్రక్ లోడర్ బెల్టు. చురుకైన కుర్రాడికి రెండేళ్లలో పట్టుబడుతుంది. మూడో ఏడాది నుంచి అదే ఏడాదిని మళ్లీ మళ్లీ గడపడమే. సిమెంటు ప్లాంటులో మెకానికల్ మనిషికి గిరాకీ తెచ్చేది కిల్న్ (ముడిసరుకు కాల్చే బట్టీ), మిల్లుల దగ్గర చేసిన పని. పదేళ్లు ప్యాకింగ్‌లోనే ఉన్నవాణ్ని ఇంకో ప్లాంటు కూడా ప్యాకింగ్‌కే పిలుస్తుంది. యంత్రం తయారుచేసే కంపెనీలో అయితే అదే ప్యాకర్‌ను ఇరవై ప్లాంట్లలో ఇరవై రకాల తప్పులతో చూస్తాడు. యంత్రాన్ని బిగించడం, మొదటిసారి నడిపించి అప్పగించడం (కమిషనింగ్), బరువు తూచే లోడ్ సెల్‌ను సరిచేయడం (క్యాలిబ్రేషన్), యంత్రాన్ని నడిపే కంప్యూటర్ కంట్రోలర్ అయిన పీఎల్‌సీ కొంత చేతికి వస్తాయి.

కానీ సర్వీస్ ఇంజనీరు అన్న పేరు కింద రెండు వేరు వేరు ఉద్యోగాలుంటాయి. ఒకటి ఇప్పుడు చెప్పినది. రెండోది వారంటీ ఫిర్యాదులకు పరుగెత్తుతూ, స్పేర్ పార్టులు అమ్మిపెట్టే పని. వేరియబుల్ 66,000 దేనికి ముడిపడి ఉందో అడిగితే ఆ ఉద్యోగం ఏదో బయటపడుతుంది. స్పేర్ల అమ్మకాల టార్గెట్‌కు అంటే అది సేల్స్ ఉద్యోగం. తప్పని కాదు, మీవాడికి ఇష్టమా కాదా అనేదే. మొదటి ఏడాదిలో ఎన్ని కమిషనింగ్ పనులకు పంపుతారనేది కూడా కాబోయే మేనేజరునే అడగాలి, హెచ్ఆర్‌ను కాదు.

ఇక్కడ రాజీనామా ఇచ్చే ముందు ఒక పని మిగిలుంది. కిల్న్ గానీ మిల్లు గానీ మెయింటెనెన్స్‌కు మార్చమని సెక్షన్ హెడ్‌ను ఎప్పుడైనా మెయిల్ పెట్టి అడిగాడా? విసుక్కోవడం అడగడం కాదు. అడిగితే, వచ్చే షట్‌డౌన్ (మరమ్మతులకు ప్లాంటు ఆపే సమయం) నుంచి అని తేదీతో జవాబొస్తే ఆలోచించవచ్చు. ‘చూద్దాం’ అంటే అది కాదనే. బయటి ఆఫర్ ఉందని మాత్రం అప్పుడే చెప్పకూడదు. ఎలాగూ ఇక్కడే ఉండిపోవాల్సి వస్తే బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ) పెట్టే ఎనర్జీ మేనేజర్ పరీక్ష రాయమనండి. ఇంధన పొదుపు చట్టం కింద గుర్తించిన పెద్ద సిమెంటు ప్లాంట్లలో ఆ అర్హత ఉన్న మనిషి తప్పనిసరి. మేనేజరుకు మూడు పేపర్లు, ఆడిటరుకు నాలుగు.

మీ గ్రాట్యుటీ మాటకు వద్దాం. బేసిక్ 15,500ను 15తో గుణించి, 26తో భాగించి, ఐదేళ్లతో గుణిస్తే 44,712. చిన్న మొత్తం కాదు. కానీ ఏడు నెలలు ఏ కంపెనీ ఆగదు. నాలుగేళ్ల 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాసు హైకోర్టు చెప్పిన తీర్పు ఉంది. కొన్ని కంపెనీలు దాని ప్రకారం ఇస్తున్నాయి, కొన్ని ఐదేళ్లూ నిండాల్సిందే అంటాయి. ఈ ఫ్యాక్టరీ ఏం చేస్తుందో ఈమధ్య మానేసిన వాళ్లను అడిగితే తెలుస్తుంది. ఈ రోజు రాజీనామా ఇస్తే నోటీసు ముగిసేసరికి నాలుగేళ్ల ఏడు నెలలు. ఇచ్చే అలవాటు ఉన్న కంపెనీ అయితే కొత్త చోట ఆరు వారాలు గడువు అడిగి ఆ 240 రోజుల గీత దాటడం మేలు. ఇవ్వదని తేలితే ఆ నష్టం చూపించి జాయినింగ్ బోనస్‌ను 30,000 నుంచి 75,000కు పెంచమనండి. ఇలాంటి అభ్యర్థన హెచ్ఆర్‌కు కొత్త కాదు. ఏడాదిలోపు మానేస్తే బోనస్ వెనక్కి కట్టాలన్న షరతు ఉంటుంది, చదువుకోండి.

నాకు గ్రాట్యుటీ కంటే పెద్దదిగా కనిపించేది వాళ్లమ్మగారి ఇన్సూరెన్స్. కొత్త కంపెనీ గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులు ఉన్నారో లేదో పట్టికలో లేదు. సాధారణంగా ఉద్యోగి, భార్య, పిల్లలే ఉంటారు. బయట కొత్త పాలసీ తీసుకుంటే, ముందే ఉన్న షుగర్‌కు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టవచ్చు. రాజీనామాకు ముందే ఇప్పుడున్న బీమా సంస్థను, గ్రూప్ నుంచి వ్యక్తిగత పాలసీకి మార్చుకునే వీలుందా అని అడగండి. రిలీవ్ అయ్యాక పాలసీ ఆగిపోతుంది, అప్పుడు అడిగితే కొత్త కస్టమరే. ఆ ప్రీమియాన్ని పై లెక్కలో ఖర్చు కింద కలపండి.

లెటరులో 18 నెలల బాండ్, మధ్యలో మానేస్తే 1,50,000 అని ఉంది. బాండ్లు చెల్లవని కాలేజీల్లో చెప్పుకునే మాట సగమే నిజం. మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలబడదు. కానీ ఉద్యోగంలో ఇన్నాళ్లు ఉండాలి, లేదా ఇంత కట్టాలి అన్నది సహేతుకంగా ఉంటే చెల్లుతుందని 2025లో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో తేల్చింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటే మాత్రం ఒప్పుకోవద్దు. చూపించి వెనక్కి తెచ్చుకోవాలి.

ఇక వరస. సంతకమైన సవరించిన ఆఫర్ లెటరు చేతికొచ్చాకే రాజీనామా. అదీ మెయిల్‌లో, చివరి పనిదినం తేదీ రాసి, తన సొంత మెయిల్‌కు కాపీ పెట్టుకుని. జనవరి నుంచి మార్చి దాకా సిమెంటు డిస్పాచ్ జోరు, ప్యాకింగ్ మనిషిని వదలడానికి ఆ నెలల్లో ఏడుస్తారు. వానాకాలంలో అంత పట్టింపు ఉండదు. నోటీసు తగ్గించమని అడిగితే మిగిలిన రోజులకు కోత బేసిక్ మీదా, గ్రాస్ మీదా అన్నది నియామక పత్రంలో చూడాలి. రెండూ ఒకటి కాదు: నెలకు 15,500, 31,000. రాజీనామా ఇచ్చాక 3,000 పెంచుతాం ఉండమని పిలుస్తారు. సెక్షన్ మార్పు రాతలో లేని ఆ పెంపు తీసుకుంటే ఆర్నెల్లకు మళ్లీ ప్యాకింగ్ ప్లాంటులో అదే విసుగు, పైగా వెళ్లబోయినవాడన్న ముద్ర.

రిలీవింగ్ లెటరు, అనుభవ పత్రం, చివరి మూడు పేస్లిప్పులు తీసుకోకుండా గేటు దాటవద్దు. పీఎఫ్ డబ్బు తీయవద్దు. మొత్తం సర్వీసు ఐదేళ్లు నిండక ముందు తీస్తే పన్ను పడుతుంది. పాత యూఏఎన్ (కంపెనీలు మారినా ఒకటే ఉండే పీఎఫ్ నంబరు) కొత్త చోట ఇచ్చి, ఖాతా బదిలీ చేస్తే ఈ నాలుగేళ్ల పైచిలుకు సర్వీసు కూడా లెక్కలో ఉంటుంది, పెన్షన్‌కు కావలసిన పదేళ్లలోనూ కలుస్తుంది. బదిలీ ఆగిపోయేది ఎక్కువగా రెండు కారణాలకు: ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ యూఏఎన్‌తో కలవకపోవడం, పాత కంపెనీ మానేసిన తేదీ నమోదు చేయకపోవడం. మొదటిది ఇప్పుడే సరిచూసుకోమనండి. రెండోది కంపెనీ చేయకపోతే, చివరి జమ పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగే పోర్టల్‌లో పెట్టుకోవచ్చు.