స్వచ్ఛందంగా మానేస్తే ప్యాకేజీ ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

కంపెనీలో మనుషుల్ని తగ్గిస్తున్నారు, తమంతట తాము వెళ్లేవాళ్లకి ఎక్కువ ఇస్తామన్నారు, వారం గడువు. ఇదే కదా మీ ప్రశ్న. నేను తీసుకున్నాను. 2018లో, నా 44వ ఏట, పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీలో 17 ఏళ్లు చేశాక. పేరెందుకు లెండి, ఆ కంపెనీ బస్సు ఇప్పటికీ మా వీధి చివరే ఆగుతుంది.

తీసుకోవాలా వద్దా అన్నది తర్వాత. ముందు ఆ ఇస్తామన్న డబ్బులో మీదెంతో, వాళ్లదెంతో విడదీయండి. నాకు ఈ మాట చెప్పింది మా మేనమామ. జూట్‌మిల్లులో పనిచేసి, లాకౌట్లు చూసి చూసి ముదిరినవాడు.

ఫారం చేతికిచ్చింది శుక్రవారం, గడువు బుధవారం. మధ్యలో మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర. ఇంటికి ఇరవై మంది చుట్టాలు దిగారు. జేబులో ఆ కాగితం పెట్టుకుని వాళ్లకి పులిహోర వడ్డిస్తున్నాను. మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు, అంటే అందరికీ తెలిసిపోయింది. మధ్యాహ్నం మూడు లాంతర్ల దగ్గర మా పిన్ని వాళ్ల డాబా ఎక్కాం. పూజారిని పైన కూర్చోబెట్టిన ఆ పొడవాటి మాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరగాలి, అది కదిలేసరికి సాయంత్రం అవుతుంది. అందాకా వేరే పనేముంది, అందరూ నా మీద పడ్డారు.

"ఏడు లచ్చలు బావా! కళ్లు మూసుకుని సంతకం ఎట్టీ" అన్నాడు మా బావమరిది. వాడికి ఆటో కొనాలని ఉంది. ఒకేసారి డబ్బొస్తుందని తెలిస్తే చాలు, మనవాళ్లకి ప్లాట్లు, చిట్టీలు, ఆగిపోయిన పెళ్లిళ్లు అన్నీ ఒక్కసారే గుర్తొస్తాయి. జీతం ఆలస్యమైన నెలలో మాత్రం ఒక్కడూ ఫోన్ ఎత్తడు.

మావయ్య కాగితం లాక్కుని చదివి, "గ్రాట్యుటీ ఇందులోదేనేటి, వేరేనేటి?" అన్నాడు. చూస్తే చిన్న అక్షరాల్లో 'అన్నీ కలిపి' అని ఉంది. పండగ కరపత్రం వెనక్కి తిప్పి లెక్క మొదలెట్టాడు. నా జీతంలో బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 18,000. దాన్ని 26తో భాగించి, 15తో, మళ్లీ 17తో గుణిస్తే 1,76,000 చిల్లర. అదీ గ్రాట్యుటీ, ఇన్నేళ్లు చేసినందుకు చట్టప్రకారం రావాల్సింది, ఎప్పుడు మానేసినా నాదే. మిగిలిన సెలవుల డబ్బు 40,000, అదీ నాదే. వాళ్లే తీసేసినా ఏడాది సర్వీసుకి 15 రోజుల సగటు జీతం చట్టప్రకారం ఇవ్వాలి. నా మొత్తం జీతం నెలకి 26,000 చొప్పున 17 ఏళ్లకి 2,21,000. నోటీసు నెల జీతం ఇంకో 26,000. ఇవన్నీ తీసేస్తే ఏడు లక్షల్లో వాళ్లు కొత్తగా ఇస్తున్నది 2,36,000. తొమ్మిది నెలల జీతం.

"నీ సొమ్ము నీకే ఇచ్చి దండేస్తున్నార్రా" అన్నాడు మావయ్య.

మా మామగారు ఉద్దానం నుంచి వచ్చారు. పన్నెండు రోజుల కిందటే తిత్లీ తుపాను వాళ్ల కొబ్బరితోటని పడుకోబెట్టేసింది. పొద్దుట్నుంచీ ఒక్క మాటా మాట్లాడని మనిషి, అప్పుడు అన్నారు: "మమ్మల్ని ఎవులూ అడగలేదు బాబూ, గాలొచ్చి తోసీసింది. నిన్ను అడుగుతున్నారు కదా, నువ్వూ ఏదోటి అడుగు." అంతలో కింద డప్పులు మొదలయ్యాయి, అందరూ పిట్టగోడ దగ్గరికి పరుగెత్తారు. సిరిమాను నేను సరిగ్గా చూసిందే లేదు ఆ ఏడు.

బుధవారం వెళ్లి గ్రాట్యుటీ వేరే కావాలన్నాను. పాలసీ ఒప్పుకోదన్నారు. 'మనమంతా ఒక కుటుంబం' అని కూడా అన్నారు, ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. సాయంత్రం దాకా సంతకం పెట్టకుండా క్యాంటీన్లో కూర్చున్నాను. అయిదింటికి పిలిచి ఏడు లక్షలు కాక గ్రాట్యుటీ విడిగా రాసిచ్చారు. తొమ్మిది నెలల జీతం కాస్తా దాదాపు పదహారు నెలలదైంది. అడిగితే దిగుతారు, ఏ కంపెనీ అయినా ఇంతే.

సంతకం ఎందుకు పెట్టానంటే, మా ప్యాకింగ్ సెక్షన్లో అప్పటికే కాంట్రాక్టు కుర్రాళ్లకి పని నేర్పించమంటున్నారు. మీ పని మీ చేతే ఇంకొకరికి నేర్పిస్తున్నారంటే ఆగడం దండగ. నిజమే, సంతకం పెట్టనివాళ్లలో ఇద్దరు ఇంకా అక్కడే చేస్తున్నారు. అది వాళ్ల జాతకం, వాళ్లని చూసి మీరు ఆగకండి.

నేను చేసిన తప్పు వేరు. కంపెనీ ఇన్సూరెన్స్ కార్డు ఆఖరి రోజుతోనే పోతుందని తట్టలేదు. మూడు నెలలకి నాన్నకి గుండె నొప్పి వచ్చింది. ఆ బిల్లే లక్ష దాటింది. మీరు మానేసే ముందే సొంత పాలసీ తీసుకోండి. పీఎఫ్ పెన్షన్ సంగతీ చూసుకోండి, పదేళ్లు దాటితే స్కీమ్ సర్టిఫికెట్, అంటే పెన్షన్‌కి మీ సర్వీసు లెక్క రాసిచ్చే కాగితం, అడిగి తీసుకోవాలి.

ఆటో మాత్రం కొనివ్వలేదు. బావమరిది ఇప్పటికీ పండక్కి వస్తే నాతో ముభావంగానే ఉంటాడు.

మీ బేసిక్, డీఏ ఎంతో, ఎన్నేళ్లు చేశారో కింద రాయండి, లెక్క వేసి పెడతాను. ఈలోగా మీ కాగితంలో 'అన్నీ కలిపి' అన్న మాట ఉందేమో వెతకండి.