ఫ్రాన్స్ రాజు 14వ లూయీ నిజంగానే ఎవరికీ లొంగకుండా ఏలాడా?

మీ ప్రశ్న నాకు కొత్తది కాదు. డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పిన రోజుల్లో ఏటా ఎవరో ఒకరు ఇదే అడిగేవారు. 'నేనే రాజ్యం' అన్నాడు కదా అని చెప్పి ముగించేదాన్ని. ఆ మాట అతను అన్నాడనడానికి గట్టి ఆధారమే లేదని తర్వాత చదివాను. పారిస్ దగ్గర ఆయన కొలువుండిన వెర్సాయ్ రాజభవనం చూశాక నా ఆలోచన ఇంకా మారింది.

అక్కడ అందరూ అద్దాల మహల్ దగ్గర ఫొటోలు దిగుతారు. 73 మీటర్ల పొడవు, 357 అద్దాలు. నేను మాత్రం దాని పక్కనే ఉన్న రాజుగారి పడకగదిలో చాలాసేపు నిలబడిపోయాను. మంచానికీ మనకీ మధ్య బంగారు పూత కమ్మీలు. ఆయన పొద్దున లేవడం ఒక కొలువు, రాత్రి పడుకోవడం ఇంకో కొలువు. చొక్కా అందించడం అక్కడున్నవారిలో అందరికంటే పెద్ద హోదా ఉన్నవారి హక్కు. రాత్రి కొవ్వొత్తి ఎవరు పట్టుకోవాలో రాజే పేరు పెట్టి చెప్పేవాడు. గదిలో వెలుతురుకు కొదవ లేదు. అయినా ఆ పిలుపు కోసం గొప్ప గొప్ప ప్రభువులు కాచుకుని ఉండేవారు.

ఎందుకిదంతా? 1651లో, రాజు అధికారం మీద ప్రభువులు, న్యాయస్థానాలు లేచిన ఫ్రోండ్ తిరుగుబాటు రోజుల్లో, పారిస్ జనం రాత్రిపూట రాజభవనంలోకి వచ్చి, పిల్లరాజు పారిపోలేదని పక్క దగ్గరికెళ్లి చూసుకుని మరీ పోయారు. అప్పుడతనికి 12 ఏళ్లు. రాజు మీదికి సైన్యం నడిపినవారిలో సొంత బంధువు కొండే యువరాజు కూడా ఉన్నాడు. ఆ భయం లూయీని జీవితాంతం వదల్లేదని నా నమ్మకం. 1661లో ప్రధానమంత్రి మజారిన్ పోయాక ఆ పదవిలో ఇంకెవరినీ పెట్టుకోలేదు. 1682లో, ప్రభువులు తన కళ్ల ముందే ఉండేలా, కొలువును వెర్సాయ్‌కి మార్చాడు.

అయితే ప్రభువులను అణిచేశాడనడం సగం నిజమే. వారితో బేరం కుదుర్చుకున్నాడు. తాయ్ అనే పన్ను వారికి లేదు, భారమంతా రైతుది. పదవులు డబ్బుకు అమ్మేవారు, కొన్నవారిని తీసేయడం తేలిక కాదు. ఉప్పు పన్ను ఫ్రాన్స్‌లోని బ్రిటనీ సీమలో లేదు, పక్క సీమలో నడ్డి విరిచేది. బలం చూపాల్సి వస్తే బలహీనుల మీదే చూపాడు: 1685లో ప్రొటెస్టెంట్ల మత స్వేచ్ఛ రద్దు చేస్తే సుమారు 2 లక్షల మంది దేశం విడిచిపోయారు. 1693-94 కరువులో 10 లక్షలకు పైగా చనిపోయారు. మా పాఠాల్లో వెర్సాయ్‌కి పేజీలుండేవి, వీళ్లకు ఒక్క వాక్యం కూడా లేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

మిగిలిందేమిటంటే, కేంద్రం నుంచి జిల్లాను నడిపే పద్ధతి. ఆయన సీమలకు పంపిన ఇంటెండెంట్లు అనే అధికారుల పని ఫ్రెంచి విప్లవం తర్వాత, 1800లో, నెపోలియన్ పెట్టిన ప్రీఫెక్టుల చేతికొచ్చింది. మన కలెక్టరు లాంటి ఉద్యోగం అనుకోండి.

ఇక ఆయన మాట ఎంతవరకు చెల్లిందంటారా? 1715 సెప్టెంబరు 1న లూయీ చనిపోయాడు. తన తర్వాత పాలన ఎలా సాగాలో వీలునామా రాసి ఉంచాడు. మర్నాడే పారిస్ పార్లమా న్యాయస్థానం దాన్ని పక్కన పెట్టేసింది.