తుఫాన్ల రికార్డులు చూడబోతున్న మనవరాలికి

నకిరేకల్

బిడ్డా సింధూ,

అమెరికా హరికేన్ల పాత రికార్డులు తీసి, మన బంగాళాఖాతం తుఫాన్లతో పోల్చి ప్రాజెక్టు రాస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా గర్వంగా అనిపించింది. వెంటనే భయమూ వేసింది. మండలాఫీసులో వాన లెక్కల రిజిస్టర్ రాసినవాణ్ని కదా, అంకెను నమ్మి మనుషులు ఎట్లా దెబ్బతింటారో నాకు తెలుసు.

మామూలు సంగతులు ముందే చెప్పేస్తా. అట్లాంటిక్ రికార్డు 1851 నుంచి ఉంది, మన వాతావరణ శాఖ వాళ్ల తుఫాను దారుల పటాలు 1891 నుంచి ఉన్నాయి. 1960ల్లో ఉపగ్రహాలు రాకముందు, ఏ ఓడకూ ఎదురుపడక, తీరానికీ రాని తుఫాను చాలావరకు లెక్కలోకే రాలేదు. కాబట్టి అప్పట్లో తక్కువ, ఇప్పుడు ఎక్కువ అని తొందరపడి రాయకు. గాలి వేగం అమెరికావాళ్లు ఒక నిమిషం సగటున చెప్తారు, మనవాళ్లు మూడు నిమిషాల సగటున. వాళ్ల రికార్డులో టైము గ్రీనిచ్‌ది, మన టైము కావాలంటే ఐదున్నర గంటలు కలుపుకో. మన రిజిస్టర్‌లో 29వ తేదీ వాన అంటే 28 పొద్దున ఎనిమిదిన్నర నుంచి 29 పొద్దున ఎనిమిదిన్నర దాకా పడ్డది.

ఇక అసలు మాట. 1969 ఆగస్టులో కెమిల్ అనే హరికేన్ మిసిసిపి తీరాన్ని కొట్టింది. అది ఐదో కేటగిరీ, ఆపైన ఇంక లేదు. 2005 ఆగస్టు 29న అదే తీరానికి కత్రినా వచ్చింది. నేలను తాకేటప్పటికి మూడో కేటగిరీ. 'కెమిల్‌నే చూశాం, ఇదెంత' అని చాలామంది ఇల్లు కదల్లేదు. కానీ కత్రినా చాలా వెడల్పయినది. సముద్రం మీద ఐదో కేటగిరీ దాకా పెరిగి, అక్కడి నుంచే నీళ్లను తోసుకొచ్చింది. కెమిల్ ఉప్పెన 24 అడుగులైతే, ఆ తీరంలోనే పాస్ క్రిస్టియన్ అనే ఊరి దగ్గర కత్రినాది 28 అడుగుల దాకా లేచింది. కెమిల్‌కు నిలబడ్డ ఇళ్లు కూడా పునాదులు మాత్రమే మిగిలేలా కొట్టుకుపోయాయి. వాళ్లను తెలివితక్కువవాళ్లని అనుకోకు బిడ్డా. నువ్వు చేయబోయే పనే వాళ్లూ చేశారు, ఒక తుఫానును ఇంకోదానితో పోల్చారు. కాకపోతే గాలిని పోల్చారు, వచ్చింది నీళ్లు. కేటగిరీ గాలి వేగం ఒక్కటే చూస్తుంది, ఉప్పెన గానీ వాన గానీ అందులో లేవు. ఉప్పెన ఎత్తు, తుఫాను వెడల్పు, వాన, ఈ మూడూ లేని పట్టిక నాకు చూపించొద్దు, కోపమొస్తుంది.

మన ఉమ్మడి నల్గొండ జిల్లా సంగతి చూడు. అదే 2005 అక్టోబర్‌లో విల్మా అనే హరికేన్ పీడనం 882 మిల్లీబార్లకు పడిపోయింది, అట్లాంటిక్‌లో అంత తక్కువ ఎప్పుడూ నమోదు కాలేదు. ఆ నెలాఖరున మన బంగాళాఖాతంలో లేచింది మాత్రం తీవ్ర వాయుగుండం దగ్గరే ఆగింది. తుఫాను కాలేదు కాబట్టి పేరు కూడా లేదు. దాని వానకు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర చిన్న చెరువు తెగి, పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. డెల్టా ప్యాసింజర్ అక్కడ పట్టాలు తప్పింది. వందమందికి పైగా పోయారు. పేరున్న తుఫాన్లనే ఏరుకుంటే వాళ్లెవరూ నీ లెక్కలో ఉండరు. వాయుగుండాలనూ తీసుకో, తీరానికి దూరంగా ఉన్న జిల్లాల వాన లెక్కలూ తెప్పించుకో.

ఇప్పటికీ వానల్లో నువ్వు ఆ లైన్‌లో రాత్రి రైలెక్కుతానంటే నాకు టెన్షన్. పగలు రా తల్లీ, సెలవు పెట్టుకునైనా సరే.

మరణాల గడి నింపేటప్పుడు జాగ్రత్త. 1900లో అమెరికాలోని గాల్వెస్టన్ ఊరిని కొట్టిన హరికేన్‌కు ఆరు వేల నుంచి పన్నెండు వేల దాకా చెప్తారు. 1977 దివిసీమ ఉప్పెనకు పది వేలకు పైన అంటారు. ఒక్క అంకె పట్టుకుని ర్యాంకులు వేయకు, తక్కువా ఎక్కువా రెండూ రాయి.

తెల్లారేదాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చోకు, టైముకు తిను. మొదటి పట్టిక ప్రింటు తీసి దసరాకు తీసుకురా. పెన్సిల్ పట్టుకుని ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ తాత