మన నొప్పి మాత్రలో సగం కుక్కకు వేయవచ్చా?

ప్రశ్న: మా లాబ్రడార్ ఆడకుక్కకు పదేళ్ళు, బరువు 38 కిలోలు. ఆరు నెలలుగా పొద్దున్నే లేవడానికి చాలా అవస్థ పడుతోంది. మెట్లు ఎక్కడం మానేసింది. పశువైద్యులు ఎక్స్-రే తీయించి తుంటి కీళ్ళు అరిగిపోయాయని చెప్పారు. ఆయన రాసిన మాత్రలకూ కీళ్ళ పొడికీ కలిపి నెలకు 3,000 రూపాయలు దాటుతోంది. మా రాబడికి అది భారం. మావారు వాడే మెలాక్సికామ్ 15 మిల్లీగ్రాముల మాత్రలు ఇంట్లో ఉన్నాయి. మందుల షాపులో అడిగితే సగం వేయమన్నారు. ఒకరోజు వేస్తే చురుగ్గా తిరిగింది. రోజూ వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

జవాబు: వేయవద్దు. మెలాక్సికామ్ కుక్కలకు కూడా వాడే మందే కాబట్టి ఆ రోజు దానికి హాయిగా ఉండి ఉంటుంది, కానీ మోతాదు దగ్గరే ప్రాణం మీదికి వస్తుంది. సాధారణంగా కుక్కకు తొలిరోజు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు, మర్నాటి నుంచి 0.1 మిల్లీగ్రాము చొప్పున ఇస్తారు. ఆ లెక్కన మీ కుక్కకు తొలిరోజు 7.6, ఆ తర్వాత రోజుకు 3.8 మిల్లీగ్రాములు. మీరు వేసిన సగం మాత్ర, అంటే 7.5 మిల్లీగ్రాములు, తొలిరోజు మోతాదుకు దగ్గరగా ఉండడం అదృష్టం. అదే రోజూ వేస్తే ఇవ్వవలసిన దానికి రెట్టింపు వేసినట్లే. డాక్టరు రాసిన నొప్పి మాత్ర కూడా ఇదే కోవకు చెందినదైతే, రెండూ కలిసి జీర్ణాశయంలో పుండ్లు పడడానికీ మూత్రపిండాలు దెబ్బతినడానికీ దారితీస్తాయి. స్టెరాయిడ్ మాత్రలతో కలిసినా అంతే. కుక్క వాంతి చేసుకున్నా, అన్నం ముట్టకపోయినా, తారులా నల్లగా విరేచనం అయినా మందు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి ఇంట్లోని ఇతర నొప్పి మాత్రల జోలికి అసలే పోకండి. పశువుల కళేబరాల ద్వారా డైక్లోఫెనాక్ రాబందులను దాదాపు తుడిచిపెట్టేసిన కారణంగా మన దేశంలో 2006లోనే పశువులకు దాని వాడకాన్ని నిషేధించారని చాలామందికి తెలియదు. పారాసెటమాల్ కూడా సొంతంగా వేయకండి. ఇంట్లో పిల్లి ఉంటే దానికి ఒక్క మాత్రే ప్రాణాంతకం కాగలదు. మనం రాసుకునే నొప్పి బామ్‌లు, నీలగిరి తైలం కూడా పూయకూడదు, ఎందుకంటే కుక్క వాటిని నాకకుండా ఊరుకోదు.

ఇక ఖర్చు సంగతి. డాక్టరు గారి దగ్గర మొహమాటపడకుండా, నెలకు ఎంత పెట్టగలరో ఉన్నదున్నట్లు చెప్పండి. ముందు మానేయదగినది కీళ్ళ పొడి. గ్లూకోసమైన్ పొడుల వల్ల కుక్కల నొప్పి తగ్గుతుందనడానికి ఆధారాలు బలహీనంగా ఉన్నాయి. చేపనూనెకు అంతకంటే మంచి ఆధారం ఉంది. ఎంత వేయాలో బరువును బట్టి ఆయనే చెబుతారు. అయితే కాడ్ లివర్ ఆయిల్ దానికి బదులు కాదు, అందులోని ఎ, డి విటమిన్లు మోతాదు మించితే హాని చేస్తాయి. నొప్పి మందుకు జెనరిక్ రాయమని అడగండి. కిడ్నీ, కాలేయం పనితీరు తెలిపే రక్తపరీక్ష ఒకసారి చేయించి, నొప్పి అదుపులోకి వచ్చాక అతి తక్కువ మోతాదుకు దిగవచ్చునేమో ఆయననే నిర్ణయించమనండి. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళడం మీకు వీలైతే అక్కడ కూడా చూపించవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆపినది ఆ 38 కిలోల అంకె. ఆడ లాబ్రడార్ సాధారణంగా 30 కిలోల అటూ ఇటూ ఉంటే చాలు. దాని పక్కటెముకల మీద అరచేయి ఆనించి చూడండి. గుప్పెట తెరిచి చేతి వెనక భాగాన్ని తడిమినప్పుడు ఎముకలు ఎలా తగులుతాయో అలా తగలాలి. వెతుక్కోవలసి వస్తే కొవ్వు పట్టినట్లే. శరీర బరువులో ఆరు శాతం, అంటే మీ కుక్క విషయంలో రెండున్నర కిలోల లోపు తగ్గినా కుంటడం గుర్తించదగినంతగా తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఏ మాత్రకూ తీసిపోని ఈ వైద్యానికి రూపాయి ఖర్చు లేదు, పైగా మీ బియ్యం మిగులుతాయి. పెరుగన్నం, పాలు, టీ బిస్కట్లు, పిల్లలు కంచంలో వదిలేసిన ముద్దలు, అన్నీ లెక్కలోకే వస్తాయి. అన్నం తగ్గించి, ఉప్పు లేకుండా ఉడికించిన సొరకాయ, బీన్స్, క్యారెట్ కలపండి, గుడ్డో చికెనో ఉంచండి, ఉల్లి, వెల్లుల్లి మాత్రం వద్దు. వారానికి 400 గ్రాములకు మించి తగ్గకుండా చూసుకోండి. దగ్గరలోని ధాన్యం కొట్టు కాటా మీద పదిహేను రోజులకొకసారి తూయించండి.

లేవడం ఎలా ఉందో ఒకసారి నేల మీద కూర్చుని గమనించండి. ముందు కాళ్ళతో ఒళ్ళంతా పైకి లాగుతుంది, వెనక పాదాలు టైల్స్ మీద పక్కలకు జారుతాయి, మళ్ళీ కూలబడుతుంది. ప్రతి జారుడుకీ ఆ తుంటి మీదే దెబ్బ. పడుకునేచోటి నుంచి నీళ్ళ గిన్నె వరకు, గుమ్మం వరకు కొబ్బరిపీచు పట్టాలు జారకుండా పరచండి. గోళ్ళు కత్తిరించండి, పాదాల కింది వెంట్రుకలు తగ్గించండి. చలికాలం కింద మందపాటి బొంత వేయండి. మెట్ల దగ్గర పాత తువ్వాలును పొట్ట కింద నుంచి తీసి రెండు కొసలూ పట్టుకుని ఊతమివ్వండి. ఆదివారం ఒక్కరోజు గంటసేపు తిప్పడం కంటే రోజూ మూడుసార్లు పదేసి నిమిషాలు మెల్లగా నడిపించడమే మేలు. వేడి కాపడం పెట్టేటప్పుడు గుడ్డను ముందు మీ మణికట్టుకు ఆనించి చూసుకోండి.

ప్రశ్న: మా నాటు కుక్కకు మూడేళ్ళు. ఒకరోజు ముందు కాలు, మరోరోజు వెనక కాలు కుంటుతోంది, ఒళ్ళు వెచ్చగా ఉంది. గోమార్లు చాలా పట్టాయి. ఇదీ కీళ్ళ అరుగుదలేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఈ వయసులో, జ్వరంతో, కాలు మార్చి కాలు కుంటుతున్నదంటే ముందు గోమారి జ్వరాన్నే అనుమానించాలి. గోమార్ల ద్వారా వచ్చే ఎర్లీకియా అనే సూక్ష్మజీవి కీళ్ళలో వాపు తెస్తుంది, రక్తంలో ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. రక్తపరీక్ష చేయించండి; అదే అని తేలితే డాక్సీసైక్లిన్ సుమారు నాలుగు వారాలు మధ్యలో ఆపకుండా వాడవలసి ఉంటుంది, ఆ మందు ఖరీదు కూడా ఎక్కువ కాదు. పరీక్ష అయ్యేదాకా నొప్పి మాత్ర ఏదీ వేయకండి, ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కకు దానివల్ల రక్తస్రావం కావచ్చు. ముక్కు నుంచి రక్తం కారినా, పొట్ట మీద ఎర్రటి మచ్చలు కనిపించినా మర్నాటి దాకా ఆగవద్దు.