ల్యాండ్‌లైన్ తీసేసి ఇంటర్నెట్ ఫోన్ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: సార్, బేగంబజార్‌లో మాది స్టీల్ సామాన్ల హోల్‌సేల్ షాపు, 4 ల్యాండ్‌లైన్లున్నయి, వానొస్తే చాలు గరగరమని లైన్ పోతది, అందరూ ఇంటర్నెట్ ఫోన్‌కి మారమంటున్నరు. పాత 040 నంబర్ పోతే గిరాకీలు పోతరని భయం.

జవాబు: మారండి, కానీ పాత కనెక్షన్ ఇప్పుడే కట్ చేయించకండి. ఇదే నంబర్‌ని ఫైబర్ ఇంటర్నెట్ లైన్ మీదకి మార్చిస్తారా అని ముందు మీ ఆపరేటర్‌నే అడగండి, సరేనంటే కాగితం మీద రాయించుకోండి, మారాక బయటి నుంచి కాల్స్ చేయించి చూసుకోండి. స్పీడ్ గురించి ఊరికే భయపెడతారు గానీ ఒక్కో కాల్‌కి ఒక్కో వైపు 100 కేబీపీఎస్ లోపే చాలు, 4 కాల్స్ ఒకేసారి నడిచినా అర ఎంబీపీఎస్ దాటదు, అసలు తంటా అంతా అదే నెట్ మీద సీసీ కెమెరాలు అప్‌లోడ్ అవుతుంటేనే, మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తది, అందుకే రౌటర్‌లో వాయిస్‌కి మొదటి ప్రయారిటీ పెట్టించండి. ఇది మాత్రం మర్చిపోవద్దు, పాత రాగి లైన్‌కి కరెంట్ ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేది కాబట్టి షాపులో కరెంట్ పోయినా ఫోన్ మోగేది, ఇంటర్నెట్ ఫోన్‌కి అట్లా కాదు, ఫైబర్ డబ్బాకీ రౌటర్‌కీ యూపీఎస్ ఉండాల్సిందే. పాత ఫోన్లు పారేయకండి, ఏటీఏ అడాప్టర్ (పాత ఫోన్‌ని ఇంటర్నెట్‌కి కలిపే చిన్న డబ్బా) పెడితే చాలావరకు అవే పనిచేస్తాయి.